సోయా చిక్కుడు: చేనినుండి భోజనమునకు

గోదావరీనది తెలంగాణమున ప్రవేశించిన పిదప కొలది దూరములోనే ఎడమగట్టున బాసర క్షేత్రము కలదు. జ్ఞానసరస్వతి వెలసిన ఆ చోట తమ బిడ్డలకు అక్షరాభ్యాసము చేయింపగోరి తలిదండ్రులు దూరదేశములనుండి వత్తురు. 2016వ సంవత్సరము వరకు ఈ గ్రామము ఆదిలాబాదు జిల్లాలో నుండెను. ఇపుడు నిర్మల్ జిల్లాలో నున్నది. వానకాలమున బాసరకు వచ్చువారు దారి కిరువైపుల నల్లరేగడి చేలను చూతురు. ఆ చేలలో ప్రత్తితోపాటు మోకాలెత్తున గుబురుగా పెరిగిన మరియొక పైరు కానవచ్చును. అదియే సోయా చిక్కుడు. మృగశిర కార్తెలో తొలకరి వానలు కురిసిన వెనుక విత్తినచో, దసరా పండుగ వచ్చు దినములకు ఆకు రాలి, కాయలు గోధుమవన్నెకు తిరిగి, పైరు కోతకు సిద్ధమగును. తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు వెలువరించిన సోయా రకములలో నొకదానికి ‘బాసర’ అనియే పేరు.

ఊరి పేరు విత్తనమునకు వచ్చినది గాని, విత్తనము ఊరి వంటిండ్లలోనికి ఇంకను చక్కగా రాలేదు. పండిన గింజలలో చాలభాగము నూనె మిల్లులకు పోవును. నూనె తీయగా మిగిలిన చెక్కలో ఎక్కువ పాలు కోళ్లకును పశువులకును దాణా యగును. కొంతభాగము మాత్రము బెజ్జములుగల గుండ్రని ముక్కలుగా మారి, సంచులలో నిండి, ‘మీల్ మేకర్’ అను పేర అంగళ్లకు తిరిగి వచ్చును. దానిని కొని వండుకొనువారిలో కొందరు ‘ఇది మాంసముతో సమానము’ అందురు. కొందరు ‘ఇది కడుపు నుబ్బించును’ అందురు. మరికొందరు ‘ఇది మగపిల్లలకు మంచిది కాదు’ అందురు. ఇందులో నిజమెంత? సోయాను తరచుగా తినినచో మన జీర్ణాశయమునందును దేహమునందును ఏమి జరుగును? ఈ ప్రశ్నలకు శాస్త్రము చెప్పు సమాధానమును తెలిసికొందము.

సోయా మన పురాతన పంట కాదు. దాని పుట్టిల్లు చైనా. అచటనుండి జపాను, కొరియా, జావా మొదలగు దేశములకు వ్యాపించెను. మన దేశమున హిమాలయ ప్రాంతములవారు దీనిని చిరకాలముగా ఎరుగుదురు. కుమావూ కొండలలో నల్లని సోయా గింజలను ‘భట్’ అను పేర వండుకొందురు. సిక్కిమువారు గింజలను ఉడికించి, పులియబెట్టి, ‘కినీమా’ అను పదార్థమును చేయుదురు. గాంధీమహాత్ముడు 1935లో వార్ధాలోని మగన్‌వాడిలో ఆశ్రమవాసులచేత సోయాను తినిపించి, దాని గుణములను గూర్చి తన ‘హరిజన్’ పత్రికలో వ్రాసెను. వార్ధా మన ఆదిలాబాదునకు ఉత్తరముగా, మహారాష్ట్రములో నున్నది. బీదవారికి తక్కువ వెలలో బలమైన ఆహారము దొరకునా యని ఆయన వెదకుచుండెను. అటుపిమ్మట 1960ల దశకమున పంత్‌నగరము, జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయములలో అమెరికా దేశపు పచ్చగింజ రకములతో పరిశోధనలు జరిగెను. క్రమముగా మధ్యప్రదేశము, మహారాష్ట్రములలో సోయా ప్రధానమైన పంట యయ్యెను. ఆ రాష్ట్రములను ఆనుకొని రేగడి నేలలు గల మన ఉత్తర తెలంగాణమునకును అది ప్రాకినది.

గాంధీజీ దృష్టి ఈ గింజపై నిలుచుటకు కారణము అందులోని మాంసకృత్తులు. దేహమునందలి కండరములు, చర్మము, రక్తము, వెండ్రుకలు, జీర్ణరసములు అన్నియు మాంసకృత్తులతో నిర్మితమైనవే. ఎదుగుచున్న పిల్లలకు ఇవి మిక్కిలి అవసరము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము 13 నుండి 15 ఏండ్ల బాలునకు దినమునకు 45 గ్రాములు, బాలికకు 43 గ్రాములు మాంసకృత్తులు కావలెను. నూరు గ్రాముల బియ్యములో ఇంచుమించు 8 గ్రాములు, జొన్నలలో 10 గ్రాములు, కందిపప్పులో 22 గ్రాములు మాంసకృత్తులుండును. సోయా గింజలలోనో, 36 మొదలు 40 గ్రాముల వరకు కలవు. నూనె తీసిన పిండితో చేయు మీల్ మేకర్‌లో 50 గ్రాములకు తక్కువ కాదు.

రాశి యొక్కటియే చాలదు, గుణమును చూడవలెను. మాంసకృత్తులు ఎమైనో ఆమ్లములను చిన్న చిన్న తునకలతో కూర్చిన గొలుసులవంటివి. ఇరువది విధములైన తునకలలో తొమ్మిదింటిని పెద్దల దేహము సైతము స్వయముగా చేసికొనజాలదు, ఆహారమునుండియే పొందవలెను. బియ్యములోను జొన్నలలోను ‘లైసిన్’ అను తునక కొరతగా నుండును. సోయాలో అది సమృద్ధిగా కలదు. సోయాలో ‘మిథియోనిన్’ కొంచెము తక్కువ. ధాన్యములలో అది తగినంత యున్నది. కావున జొన్నరొట్టెతోనో అన్నముతోనో సోయా కూర తినినచో, ఇరుగుపొరుగువారు ఒకరి లోటును ఒకరు తీర్చుకొనునట్లు, ఈ రెండును ఒకదాని కొరతను మరియొకటి పూరించును. మన పెద్దలు పప్పును అన్నమును కలిపి తినుట యందును ఈ నియమమే యిమిడి యున్నది.

ఇక జీర్ణక్రియ సంగతి. మనము తినిన మాంసకృత్తులు మొదట జీర్ణాశయములోని ఆమ్లముచేత మెత్తబడును. పిదప చిన్నప్రేగులో క్లోమమునుండి వచ్చు ‘ట్రిప్సిన్’ మొదలగు జీర్ణరసములు గొలుసులను త్రుంచి తునకలు చేయును. ఆ తునకలు ప్రేగు గోడలగుండ రక్తములో చేరును. కాని పచ్చి సోయా గింజ ఈ పనికి అడ్డు తగులును. ఎట్లనగా, ఆ గింజలో ట్రిప్సిన్‌ను పట్టి బంధించు పదార్థములు కలవు. తన విత్తనమును పురుగులు తిని హరింపకుండుటకు మొక్క చేసికొనిన రక్షణ యది. దానివలన పచ్చి సోయా తినినవారికి మాంసకృత్తులు సరిగా జీర్ణము కావు. వికారము, కడుపునొప్పి, విరేచనములు కలుగవచ్చును.

ఈ విషయము ప్రయోగశాలలో ఎలుకలవలన బయటపడినది. అమెరికాలో ఆస్బార్న్, మెండెల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 1917లో కొన్ని ఎలుకలకు పచ్చి సోయా పిండిని, కొన్నింటికి ఉడికించిన సోయాను ఆహారముగా పెట్టి చూచిరి. పచ్చిపిండి తినిన ఎలుకలు సరిగా ఎదుగలేదు. ఉడికించినది తినినవి చక్కగా పెరిగెను. అందలి కారణము తరువాత తేలినది. 1940ల దశకమున కునిట్జ్ అను శాస్త్రజ్ఞుడు ట్రిప్సిన్‌ను అడ్డగించు పదార్థమును సోయానుండి విడదీసి చూపెను. నీటితో కూడిన వేడి తగిలినచో ఆ పదార్థము చాలవరకు నశించును. కనుక సోయా విషయమున నిప్పే మొదటి వైద్యుడు.

ఇచట పల్లెల బాలబాలికలు గట్టిగా జ్ఞాపకముంచుకొనవలసిన మాటలు రెండు కలవు. శనగలను నానబెట్టి పచ్చివిగా తినుట మనకు అలవాటు. ఆ అలవాటు ప్రకారము నానిన సోయా గింజలను ఉడికింపక తినరాదు. ఇది మొదటి మాట. విత్తుటకై యుంచిన గింజలకు తెగుళ్లు రాకుండ మందు పట్టించుదురు. దానినే విత్తనశుద్ధి యందురు. అట్టి గింజలు తరచుగా ఎరుపు మొదలగు రంగులలో నుండును. ఎంత కడిగినను, ఎంత ఉడికించినను అవి తినదగినవి కావు. మిగిలిపోయిన విత్తనమును వంటకు వాడుట ప్రాణాపాయము. ఇది రెండవ మాట.

ఉడికిన సోయా తినినను కొందరికి కడుపు ఉబ్బరించును. దీనికి కారణము మాంసకృత్తులు కావు. గింజలోని కొన్ని చక్కెరలు. వానికి రాఫినోజ్, స్టాకియోజ్ అని పేర్లు. ఈ చక్కెరలను విడగొట్టు జీర్ణరసము మనుష్యుని చిన్నప్రేగులో లేదు. అవి అరగకయే పెద్దప్రేగును చేరును. అచట కోట్లకొలది సూక్ష్మజీవులు నివసించుచున్నవి. అవి ఈ చక్కెరలను తమ ఆహారముగా పులియజేయును. అపుడు వాయువులు పుట్టి పొట్ట బిగిసినట్లుండును. శనగలు, అలసందలు, రాజ్మా తినినపుడును ఇట్లే జరుగును. ఇది ఇబ్బందియేగాని రోగము కాదు. పైగా ఈ పులియుటవలన పుట్టు కొన్ని ఆమ్లములు పెద్దప్రేగు గోడలకు మేలైన ఆహారము. సోయాలోని పీచుపదార్థము మలబద్ధమును తగ్గించును.

ఈ ఉబ్బరమును తగ్గించుకొనుటకు ఉపాయములు కలవు. గింజలను రాత్రియంతయు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్త నీటితో ఉడికించినచో పై చెప్పిన చక్కెరలలో కొంతభాగము నీటితో పోవును. మీల్ మేకర్‌ను వేడినీటిలో నానబెట్టి, చేతులతో గట్టిగా పిండి, ఆ నీటిని తీసివేయుటయు ఇందుకొరకే. సోయా పాలను విరిచి చేయు పనీరులో ఈ చక్కెరలు తక్కువ. ఏలయన అవి విరిగిన నీటితో వెడలిపోవును. కినీమావలె పులియబెట్టిన వంటకములలోను తక్కువయే. మన కడుపులో జరుగవలసిన పని కొంత కుండలోనే జరిగిపోవును. ఇక ముఖ్యమైన ఉపాయము ఓర్పు. ఒక్కసారిగా కడుపు నిండ తినక, కొద్దికొద్దిగా మొదలుపెట్టి కొన్ని వారములు తినుచు వచ్చినచో, పెద్దప్రేగులోని సూక్ష్మజీవులు క్రొత్త ఆహారమునకు అలవడును. చాలమందిలో ఉబ్బరము తగ్గును. అలవాటు లేని పని ఒక్కనాడు మితిమీరి చేసినచో ఒళ్లు నొచ్చును గదా! కడుపునకును అదియే న్యాయము.

చక్కగా వండిన సోయాను తరచుగా తినుటవలన దేహమునకు కలుగు ఫలితములను గూర్చి లోకమున పెక్కు పరిశోధనలు జరిగినవి. 1999లో అమెరికా ఆహార ఔషధ శాఖవారు, కొవ్వు తక్కువగా గల భోజనములో దినమునకు 25 గ్రాముల సోయా మాంసకృత్తులు తినుటవలన గుండెజబ్బు భయము తగ్గవచ్చునని ఆహారపు డబ్బాలపై వ్రాసికొనుటకు అనుమతించిరి. తరువాత జరిగిన పరిశోధనల ఫలితములు కొన్ని అనుకూలముగను, కొన్ని ప్రతికూలముగను వచ్చెను. అందుచేత 2017లో ఆ శాఖవారే తమ అనుమతిని ఉపసంహరింపదలచితిమని ప్రకటించిరి. సోయావలన రక్తములోని చెడ్డ కొలెస్టరాల్ నూటికి 3, 4 వంతులు తగ్గునని తేలినది. మేలు కలదు, కాని అది మొదట ఊహించినంత గొప్పది కాదు. కొవ్వు మిక్కుటమైన మాంసమునకు బదులుగా సోయా తిన్నచో మేలు మరికొంత హెచ్చును. క్రొత్త సాక్ష్యము వచ్చినపుడు పాత మాటను సవరించుకొనుట శాస్త్రమునకు లోటు కాదు. అదియే దాని బలము.

సోయాలో ఐసోఫ్లేవోనులు అను పదార్థములు కలవు. వాని ఆకారము స్త్రీల దేహములోని ఈస్ట్రోజెన్ అను హార్మోనును కొంత పోలియుండును. మగపిల్లలు సోయా తినరాదను వదంతి దీనినుండియే పుట్టినది. కాని పోలిక వేరు, శక్తి వేరు. ఐసోఫ్లేవోనుల శక్తి ఆ హార్మోను శక్తికంటె ఎంతయో తక్కువ. పెక్కు పరిశోధనల ఫలితములను కలిపి పరిశీలింపగా, సోయా తిను పురుషులలో పురుషహార్మోను తగ్గినట్లు కానరాలేదు. కావున మితముగా తినుటకు బాలురు గాని బాలికలు గాని జంకనవసరము లేదు.

అయినను జాగ్రత్తలు కొన్ని కలవు. సోయాలో ఇనుము బాగుగనే యున్నది. కాని ఫైటిక్ ఆమ్లము అను పదార్థము ఆ ఇనుమును పట్టియుంచి రక్తములో చేరనీయదు. గింజలను నానబెట్టుట, మొలకెత్తించి ఉడికించుట, పులియబెట్టుట అను పనులవలన ఈ అడ్డంకి కొంత తొలగును. కూరపై నిమ్మరసము పిండుకొన్నను, టమాటా వేసి వండినను, భోజనముతో ఉసిరికాయ తిన్నను, వానిలోని సి విటమిన్ ఇనుమునకు దారి చూపును. రక్తహీనత బాలికలలో హెచ్చుగా నున్న మన దేశమున ఇది తలచుకొనదగిన సంగతి.

కొందరికి సోయా బొత్తిగా సరిపడదు. తినిన కొలదిసేపటికే ఒంటిపై దద్దురులు లేచుట, పెదవులు వాచుట, ఊపిరి ఆడకపోవుట మొదలగు లక్షణములు కానవచ్చినచో, తినుట మాని, వెంటనే వైద్యునివద్దకు పోవలెను. థైరాయిడ్ మాత్రలు మ్రింగువారు మాత్రతోపాటు సోయా తినరాదు. ఏలయన అది మందు రక్తములో చేరుటకు అడ్డుపడును. ఎంత ఎడము ఉండవలెనో వైద్యుని అడిగి తెలిసికొనవలెను. మూత్రపిండముల జబ్బుగలవారు ఏ మాంసకృత్తులనైనను వైద్యుడు చెప్పిన మేరకే తినవలెను. పసిబిడ్డకు తల్లిపాలకు బదులు ఇంట కాచిన సోయాపాలు పట్టరాదు.

మరి ఎంత తినవలెను? ఎట్లు వండుకొనవలెను? 30 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో ఇంచుమించు 15 గ్రాముల మాంసకృత్తులుండును. అనగా మీ వయసువారి దినావసరములో మూడవవంతు. వారమునకు రెండు మూడుసార్లు ఆ పాటి తినుట సాధారణమైన యింటికి చాలును. దానిని టమాటాతోనో, ఆలుగడ్డతోనో, మెంతికూరతోనో వండుకొనవచ్చును. ముక్కలకు స్వతస్సిద్ధమైన రుచి లేదు. కనుక నూనె, మసాలాలు మితిమీరి వేసి రుచి తెప్పించినచో, సోయావలని మేలు నూనెలో కొట్టుకొనిపోవును.

ఇంట పండిన గింజలున్నవారు అంగడికి పోనక్కరలేదు. విత్తనశుద్ధి చేయని మంచి గింజలను నానబెట్టి, వేరు నీటిలో అరగంటవరకు చక్కగా ఉడికించి, ఎండలో బాగుగా ఆరబెట్టి, పిండి పట్టించుకొనవచ్చును. తొమ్మిది పాళ్ల జొన్నపిండికో గోధుమపిండికో ఒక పాలు సోయాపిండి కలిపి రొట్టెలు చేసినచో రుచి అంతగా మారదు, బలము హెచ్చును. సోయాలో నూనె యుండుటచే ఆ పిండి త్వరగా కనరువాసన పట్టును. కావున కొంచెము కొంచెముగా పట్టించుకొనుట మంచిది.

సోయాయే సర్వస్వమని దీనివలన భావింపరాదు. కంది, పెసర, మినుము, శనగ, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు అన్నింటికిని భోజనమున చోటుండవలెను. ఏ యొక్క ఆహారమును దేహమునకు కావలసినదంతయు ఈయజాలదు. కాని పాలు, మాంసము దినదినము కొనలేని యిండ్లు మన పల్లెలలో నెన్నియో కలవు. ఆ యిండ్ల పిల్లల పళ్లెములలో అన్నమో రొట్టెయో నిండుగా నుండును. ప్రక్కన కారమో, పలుచని చారో యుండును. కడుపు నిండినను దేహము ఆకలిగొని యుండును. ఎదుగవలసిన వయసున ఎదుగుదల తగ్గుట, బడిలో అలసట కలుగుట అట్టి ఆకలి గురుతులు. ఆ లోటును కొంతవరకైన తీర్పగల గింజ ఆ యింటి చేనిలోనే పండి, బండి యెక్కి మిల్లునకు పోవుచున్నది. పోవు గింజలలో ఒక్క గంపెడు ఇంట నిలిచినచో రైతునకు వచ్చు నష్టము స్వల్పము. బిడ్డలకు వచ్చు లాభము పెద్దది. అయితే ఆ గంపతోపాటు దానిని వండు తెలివియు ఇంట నిలువవలెను: నానబెట్టుట, నీరు పారబోయుట, బాగుగ ఉడికించుట, కొద్దిగా మొదలిడుట, మితముగా తినుట. ఈ అయిదు పనులను మీరు నేర్చి ఇంటిలో మీ అమ్మకును, అవ్వకును చెప్పినచో, బాసర పేరు దాల్చిన ఆ గింజ మన భోజనములోనికిని వచ్చి సార్థకమగును.